ఏడున్నరా, తొమ్మిదా

నేను చెప్పబోయేది ఒక మహాసంగ్రామం కథ. ఇందులో రెండు సైన్యాలున్నాయి. ఒక వీరమాత ఉంది. ఇచ్చిన మాట కోసం తన మీద తానే కత్తి దూసిన యోధుడు ఉన్నాడు. చివర్లో ఆకాశం నుంచి సాక్షాత్తూ ఒక గ్రహమే దిగివచ్చి యుద్ధం ఆపేస్తుంది. ఏ పురాణకర్తకో దొరికి ఉంటే పర్వాలకు పర్వాలు రాసి ఉండేవాడు.

సరే, అంత లేదు. మాధాపూర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పొద్దున బెల్లు ఎన్నింటికి కొట్టాలి, ఆ సంగతి తేల్చడానికి పేరెంట్స్ మీటింగ్ ఎప్పుడు పెట్టాలి అన్న గొడవ ఇది. సైన్యాలు రెండూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చునే పోరాడాయి. గ్రహం మాత్రం నిజం. దాని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు స్కూలు ఆఫీసుల్లో కొత్తగా చేరుతున్న వాళ్ళను చూస్తే నాకు అసూయ లేదు, కొంచెం జాలి ఉంది. మీకు ఫోన్లో తల్లిదండ్రుల గ్రూపు ఉంటుంది. "శనివారం పదింటికి మీటింగ్" అని పెడితే చాలు, టపటపా బొటనవేళ్ళు లేస్తాయి, కొందరు దండాలు పెడతారు, ఒకాయన సంబంధం లేకుండా గులాబీ పువ్వు పెడతాడు. శనివారం పదింటికి ఎవరూ రారు. మా రోజుల్లోనూ ఎవరూ వచ్చేవారు కాదు. కానీ ఆ రాకపోవడం వెనుక మా కష్టం చాలా ఉండేది.

తొంభైల చివరి మాట. గుట్టలు పేల్చి రోడ్లు వేస్తున్న కాలం. మా స్కూలు మూడంతస్తుల ఇల్లు. ఎవరో కాపురం ఉందామని కట్టుకుని, మనసు మార్చుకుని కిరాయికి ఇచ్చారు. ఐదో తరగతి గదిలో ఇంకా వంటగది గట్టు ఉండేది. డాబా ఎక్కి చూస్తే అవతల కొత్తగా లేచిన గుండ్రటి భవనం అద్దాలు తళతళలాడేవి. దానికీ మాకూ మధ్య బండరాళ్ళు, మేకలు. రాళ్ళు పేల్చినప్పుడల్లా పిల్లలు చెవులు మూసుకునేవారు, పేలుడు అయిపోయాక కూడా పాఠం అయిపోయేదాకా తీసేవారు కాదు.

ఆఫీసులో మేం ముగ్గురం. ప్రిన్సిపాల్ మేడం, నేను, ఒక టేబుల్ ఫ్యాను. అందరికంటే చిన్నవాణ్ణి నేను. ఫ్యాను నాకంటే సీనియర్. ఫీజు రసీదులు, టీసీలు, డైరీలు నా పని. వాటన్నిటికంటే పెద్ద పని ఇంకొకటి ఉండేది: పేరెంట్స్ మీటింగ్‌కు టైం కుదర్చడం. పెళ్ళి ముహూర్తం పెట్టే పంతులుకు రెండు జాతకాలు కలిస్తే చాలు. నాకు మూడొందల ఇళ్ళవి కలవాలి.

పిల్లల్లో సగం మంది మూసాపేట, కూకట్‌పల్లి వైపు నుంచి వచ్చేవారు. వాళ్ళ నాన్నలు చాలామంది జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు. ఈ వారం పొద్దున షిఫ్టు, వచ్చే వారం రాత్రి షిఫ్టు. వాళ్ళ సెలవు ఆదివారం కాదు. ఎవరి ఫ్యాక్టరీకి ఏ రోజు కరెంటు సెలవైతే ఆ రోజే వాళ్ళ ఆదివారం. ఒకాయన ఆదివారం మంగళవారం వచ్చేది, పక్కింటాయన ఆదివారం గురువారం వచ్చేది. అసలు ఆదివారం పెడదామా అంటే, గుంటూరు నుంచి, ఖమ్మం నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు చాలా ఉండేవి. పదింటికి మొదలైన ఆరాధన పన్నెండుకు అయిపోతుందని నేను మొదట్లో అమాయకంగా నమ్మాను. పాస్టరు గారి గొంతు బాగున్న రోజు ఒంటిగంట దాటేది. ప్లాట్ల వ్యాపారం చేసే నాన్నలు ఎప్పుడు అడిగినా "సైటు మీద ఉన్నా" అనేవారు. ఇక కొత్తగా ఆ గుండ్రటి భవనంలో చేరినవాళ్ళు ఇంటికి ఎప్పుడొస్తారో వాళ్ళ భార్యలకే తెలియదు. భార్యాభర్తలిద్దరూ అక్కడే పనిచేస్తుంటే, తెలియకపోవడానికి కూడా ఇంట్లో ఎవరూ ఉండరు.

ఫోన్లు కొందరికే ఉండేవి. మిగతావాళ్ళు పక్కింటి నంబరు ఇచ్చేవారు. మూసాపేటలో అలాంటి పక్కింటాయన ఒకడుండేవాడు. ఫోన్ చేస్తే, "వాళ్ళు లేరు గానీ ఏంది సంగతి, నాకు చెప్పు" అనేవాడు. పిల్లలు లేరు ఆయనకు. అయినా మా మీటింగ్‌లు రెండింటికి వచ్చాడు. నిజం చెప్పొద్దూ, అందరికంటే ఆయనే బాగా మాట్లాడాడు.

వీటన్నిటి పైన మా కరస్పాండెంట్. కరస్పాండెంట్ అంటే స్కూలు యజమాని. కర్నూలు వైపు మనిషి, అసలు వ్యాపారం నిజాంపేట దగ్గర ప్లాట్లు. నేను ఉద్యోగంలో చేరిన రోజు ఆయన నన్ను టైపింగ్ వచ్చా అని అడగలేదు.

"రాహుకాలం చెప్పు" అన్నాడు.

"ఏ రోజుది సార్?"

"ఏడు రోజులదీ."

నేను ఆదివారం దగ్గరే ఆగిపోయాను.

"నేర్చుకో పో అబ్బీ. ఈ స్కూల్లో రాహుకాలంలో కొత్త పని ఏదీ మొదలు కాగూడదు. తతిమ్మాదంతా మేడం చెప్తాది."

గోడ క్యాలెండర్ చూసి ఎక్కాలు వల్లించినట్టు వల్లించాను. ఏ వారం పేరు చెప్పినా నా నోట్లోంచి వెంటనే టైము ఊడిపడేది. షిఫ్టులు, చర్చి, సైటు, రాహుకాలం అన్నీ తీసేస్తే వారం మొత్తంలో అందరికీ కుదిరే సమయం ఒకటే మిగిలేది: బుధవారం తెల్లవారుజామున, అందరూ నిద్రపోతున్నప్పుడు.

ఇలా సాగుతుండగా ఒక సాయంత్రం గుండ్రటి భవనం నాన్నలు నలుగురైదుగురు కలిసి వచ్చారు. ఇన్ చేసిన చొక్కాలు, మెడలో తాడుకు కార్డులు. మా బెల్లు పొద్దున తొమ్మిదికి. అది వాళ్ళకు కుదరడం లేదు. ఏడున్నరకు స్కూలు మొదలుపెడితే పిల్లల్ని దించి నేరుగా ఆఫీసుకు పోతాం అన్నారు. కరస్పాండెంట్ మొహం వెలిగిపోయింది. రేపటి మాధాపూర్ అంతా ఆ కార్డుల మెడలదేనని ఆయనకు అప్పటికే అర్థమైంది. కానీ మిగతావాళ్ళ తిట్లు తన మీద పడకూడదు.

"అందరినీ పిలుద్దాం. చేతులెత్తమందాం. యా చేతులు ఎక్కువైతే అదే ఖాయం. ప్రజాస్వామ్యం గదప్పా మనది" అన్నాడు. వెంటనే నా వైపు తిరిగి, "శుక్రవారం సాయంత్రం ఏడుకు పెట్టు. సార్ వాళ్ళకు అప్పుడే వీలు" అన్నాడు.

నాకు చాలా సంతోషమేసింది. మొదటిసారి టైం నేను కుదర్చనక్కర లేకుండానే కుదిరింది. ఆ సంతోషం మర్నాడు పొద్దుటిదాకా ఉంది.

మర్నాడు పొద్దున నాలుగో తరగతి పాప వాళ్ళమ్మ ఆఫీసుకు వచ్చింది. అమీర్‌పేట దగ్గర దవాఖానలో నర్సు. తెనాలి వైపు మనిషి. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చినట్టు కళ్ళే చెబుతున్నాయి. భర్త మందుల కంపెనీలో రెప్రజెంటేటివ్, వారంలో ఎక్కువ రోజులు జిల్లాల్లోనే.

"బెల్లు ఏడున్నరకు మారుస్తున్నారంటండి, నిజమేనా?"

"ఇంకా తేలలేదమ్మా. మీటింగ్‌లో తేలుతది."

"నాకు నైట్ డ్యూటీలండి. దిగి ఇంటికొచ్చేసరికి ఎనిమిదింబావు. పాపకు జడేసి, టిఫిన్ పెట్టి, ఎనిమిదిన్నరకు ఆటో ఎక్కిస్తాను. రాత్రి మా ఓనరమ్మ దాని పక్కన పడుకుంటుంది గానీ ఆవిడకు గేదెలున్నాయి. తెల్లారకముందే పాలకు వెళ్ళిపోద్ది. ఏడున్నరకు స్కూలంటే దాన్ని లేపేవాళ్ళే ఉండరండి."

"డే డ్యూటీ అడగరాదా?"

"అడిగానండి. ఏడాది ఆగమన్నారు. మీరు బెల్లు మార్చేస్తే తెనాలి పంపేస్తాను, మా అమ్మ దగ్గరికి. అక్కడే చదువుకుంటది." ఆ మాట చాలా మామూలుగా అంది. డ్యూటీలో ఎన్నో మాటలు అలా మామూలుగా చెప్పడం అలవాటైన గొంతు అది. తరవాత అడిగింది: "మీటింగ్ ఎప్పుడు సార్? నేనొచ్చి చెబుతాను."

"శుక్రవారం సాయంత్రం ఏడుకు."

ఏడింటికి ఆమె అమీర్‌పేట బస్సులో ఉంటుంది.

ఆమె వెళ్ళాక కాసేపు ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాను. అప్పటిదాకా నేను మీటింగ్ టైం అంటే మీటింగ్ టైమే అనుకున్నాను. అది కాదు. సాయంత్రం వీలైనవాళ్ళకు పొద్దున్నే బెల్లు కావాలి. తొమ్మిది బెల్లు కావాల్సినవాళ్ళకు సాయంత్రం వీలుకాదు. సాయంత్రం పెడితే ఏడున్నర గెలుస్తుంది, పొద్దున పెడితే తొమ్మిది గెలుస్తుంది. చేతులెత్తడం అంతా పూజయ్యాక పంచే ప్రసాదం లాంటిది.

ప్రిన్సిపాల్ మేడంతో ఇదే చెప్పాను. ఆమె గుంటూరు మనిషి. కోపం వస్తే గొంతు తగ్గేది. అసలు వినపడలేదంటే అక్కడ నిలబడకూడదు.

"అంటే మీటింగ్ పెట్టకముందే అయిపోయిందన్నమాట" అంది, నాకు సగమే వినపడేట్టు.

"అయిపోయింది మేడం. టీ, బిస్కెట్లు మాత్రం మిగిలినయ్."

"ఆయనతో మాట్లాడదాం పదండి."

కరస్పాండెంట్‌తో మాట్లాడాం. పొద్దున పెడదాం అంటే, "ఆఫీసోళ్ళు రారు గదా" అన్నాడు. సాయంత్రం పెడితే షిఫ్టుల వాళ్ళు రారు కదండీ అని మేడం అంటే, "రానోళ్ళకు పట్టనట్టే గదా మేడమ్మా" అన్నాడు. పొద్దునొకటి సాయంత్రం ఒకటి పెట్టి రెండు పూటల చేతులూ కలుపుదాం అన్నాను నేను. ఆయన నా వైపు అనుమానంగా చూశాడు. "ఒకడే రెండు పూటలా వచ్చి ఎత్తితే?" రెండు మీటింగ్‌లకు వచ్చేంత తీరిక ఉన్న మనిషి ఈ ఊళ్ళో మూసాపేట పక్కింటాయన ఒక్కడే అని చెప్పాలనుకుని ఆగాను.

పోనీ డైరీల్లో చీటీలు పంపి, ఎవరికి ఎప్పుడు వీలో అడిగాను. జవాబు రాసే తీరిక ఉన్నవాళ్ళు జవాబు రాశారు. ఒకాయన, "ఏ టైమైనా పరవాలేదు, నేను రాను" అని రాసి సంతకం పెట్టాడు. అంత నిజాయితీ నాకు ఆ ఉద్యోగంలో మళ్ళీ ఎదురుపడలేదు.

ఇక మిగిలింది ఆటో అన్న.

మూసాపేట నుంచి పదకొండు మంది పిల్లల్ని ఒకే ఆటోలో తెచ్చేవాడు ఆయన. వెనుక సీట్లో కొందరు, వాళ్ళ ఒళ్ళో కొందరు, ఆయనకు అటూ ఇటూ ఇద్దరు. మిగతావాళ్ళు ఎక్కడుండేవారో ఇప్పటికీ చెప్పలేను, కానీ దిగేటప్పుడు లెక్క సరిపోయేది. మీటింగ్ అనగానే రాలేని తల్లిదండ్రులు, "అన్నా, జర నువ్వే పోయిరా" అని ఆయన్ని పంపేవారు. ఆయన వచ్చి వెనుక కుర్చీలో కూర్చుని, చెప్పిందంతా విని, ఇంటింటికీ తిరిగి చెప్పేవాడు. రైళ్ళ కంటే నమ్మకం.

గేటు దగ్గర పట్టుకున్నాను. "అన్నా, శుక్రవారం వస్తున్నవా?"

"రాక ఏడికి పోత సార్. పదకొండు ఇండ్లోళ్ళు చెప్పిన్రు. 'మా తరఫున నువ్వే చెయ్యెత్తు, తొమ్మిదే కావాలని చెప్పు' అని. గా నర్సమ్మైతే రెండు సార్లు చెప్పింది."

"మంచిదే గదా మరి."

"ఏం మంచిది సార్!" ఆటో హ్యాండిల్ మీద ఒక్కటి చరిచాడు. "నాకు ఏడున్నరే కావాలె. పిల్లలను ఏడున్నరకు దించిన్ననుకో, ఎనిమిదికల్లా హైటెక్ సవారీ దొరుకుతది. కార్డులోళ్ళు లైన్ల నిలబడి ఉంటరు, బేరం గూడ చెయ్యరు. తొమ్మిదికి దించితే అందరు పోయినంక ఖాళీ రోడ్డు మీద నేనూ మేకలే."

"అయితే ఏం జేస్తవ్?"

"గదే పరేషాన్. నా మీద నేనే చెయ్యెత్తాలె. గిసొంటిది మా ఇంట్ల ఎవ్వలు చెయ్యలే."

శుక్రవారం రానే వచ్చింది. యుద్ధరంగం కింది అంతస్తు హాలు. కార్డుల నాన్నలు పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చుంటుంటే ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించాం. మూసాపేట పక్కింటాయన ముందు వరసలో కూర్చున్నాడు. షిఫ్టు లేని ఇద్దరు ముగ్గురు జీడిమెట్ల నాన్నలు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆటో అన్న తలుపు దగ్గర ఉన్నాడు, ఖాకీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని. ఆ పై గుండీ పెట్టుకోవడం నేను చూడడం అదే మొదటిసారి.

కరస్పాండెంట్ ప్రజాస్వామ్యం గురించి మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు కాబట్టి టీ చల్లారింది. తరవాత ఏడున్నర కావాల్సినవాళ్ళు చేతులెత్తమన్నాడు. కార్డుల చేతులన్నీ లేచాయి. తలుపు దగ్గర ఆటో అన్న చెయ్యి కూడా లేచింది. గోడ దగ్గరి నాన్నలు ఆయన వంక తిరిగి చూశారు.

తొమ్మిది కావాల్సినవాళ్ళు అన్నాడు. గోడ దగ్గరివి లేచాయి. పక్కింటాయన చెయ్యి రెండోసారి లేచింది. ఆయన్ని లెక్కలోంచి తీసేశాం. బాధపడ్డాడు. ఆటో అన్న రెండో చెయ్యి ఎత్తాడు.

"ఏందప్పా, నువ్వూ రెండు దిక్కులా ఎత్తుతాండావే!" అన్నాడు కరస్పాండెంట్.

"సార్, మొదలు ఎత్తింది నా చెయ్యి. గదొక్కటే నాది. ఇప్పుడు ఎత్తింది పదకొండు. రాలేనోళ్ళవి."

ఎవరో నవ్వారు. ఆటో అన్న నవ్వలేదు. చెయ్యి దించలేదు.

"ఒక మనిషికి ఒకటే చెయ్యి అబ్బీ."

"నాకు ఎరుకే సార్. వాళ్ళకు గూడ ఒక్కొక్కటి ఉన్నది. డ్యూటీల ఉన్నది."

అప్పుడు కార్డుల నాన్నల్లో ఒక కుర్రాయన లేచాడు. నేను వాదనకు సిద్ధమయ్యాను. ఆయన వాదించలేదు. "నేను రాత్రి ఇంటికెళ్ళేసరికి మా వాడు నిద్రపోయి ఉంటాడండీ. పొద్దున నేనే బండి మీద దించితే అప్పుడన్నా మేమిద్దరం మాట్లాడుకుంటాం. తొమ్మిదంటే అది కూడా లేదు. మేం అడుగుతున్నది అందుకే" అని కూర్చున్నాడు.

ఇదే ఇబ్బంది. మంచి యుద్ధంలో ఒక దుర్మార్గుడు ఉండాలి. మాకు దొరకలేదు.

హాజరైనవాళ్ళ చేతులే లెక్క అని కరస్పాండెంట్ తేల్చాడు. ఏడున్నర గెలిచింది. బయట ఆటో అన్న బండి స్టార్టు చేయకుండా కూర్చుని ఉన్నాడు.

"నీ చెయ్యి గెలిచింది గదన్నా" అన్నాను. ఏదో ఒకటి అనకుండా ఉండలేని రోగం నాది.

"ఒకటి గెల్సింది సార్. పదకొండు ఓడినయ్" అన్నాడు.

మర్నాడు శనివారం. నర్సమ్మ పాపను తనే తీసుకువచ్చింది. సంగతి ఆమెకు అప్పటికే తెలుసు. కుర్చీలో కూర్చోలేదు. "టీసీకి అర్జీ ఎవరి పేరున రాయాలి సార్?" అని అడిగింది. ప్రిన్సిపాల్ గారి పేరున అన్నాను. నా దగ్గరే కాగితం అడిగి, నా బల్ల మీదే వంగి రాయడం మొదలుపెట్టింది. బల్లకు ఇవతల నేను కొత్త టైముల సర్క్యులర్ రాస్తున్నాను. గుమ్మం దగ్గర పాప వాళ్ళమ్మ జడ వేసిన తీరు మెచ్చనట్టు రిబ్బను విప్పుతోంది.

"తల్లిదండ్రులకు మనవి. వచ్చే సోమవారం ఉదయం ఏడున్నర గంటల నుంచి..." అని రాశాను. సోమవారం అన్న మాట రాసేసరికి, రాహుకాలం ఎక్కాలు అలవాటైన నోరు కదా, దానంతటదే అనేసింది: "ఏడున్నర నుంచి తొమ్మిది."

ఆగాను. మళ్ళీ అన్నాను. మళ్ళీ అదే వచ్చింది.

ఇదంతా నేను ముందే పసిగట్టి పన్నిన వ్యూహమని మీతో చెప్పాలని చాలా ఉంది. కాదు. సోమవారం పొద్దున ఎవరూ ఎప్పుడూ మీటింగ్ అడగలేదు కాబట్టి ఆ ఎక్కం నేను ఒక్కసారి కూడా వాడలేదు. "అమ్మా, ఆ అర్జీ ఇప్పుడే ఇవ్వకండి. పదిన్నర దాటేదాకా ఆగండి" అన్నాను. ఆమె, ఎందుకో అర్థం కాకపోయినా, వరండాలో బెంచీ మీద కూర్చుని అక్కడే నిద్రపోయింది.

కరస్పాండెంట్ శనివారం పదిన్నర దాటాకే స్కూల్లో కాలు పెట్టేవాడు. తొమ్మిది నుంచి పదిన్నర శనివారం రాహుకాలం. తను లోపల లేకపోతే చాలనుకునేవాడు. అదే సమయంలో పిల్లలూ మేమూ లోపలే ఉన్న సంగతి ఆయనకు ఎప్పుడూ తట్టలేదు.

సర్క్యులర్ ముందు పెట్టాను. మేడం పక్కనే ఉంది.

"సార్, ఒక్క సందేహం. ఈ బెల్లు మార్చుడు కొత్త పని కిందికి వస్తదా, పాత పని కిందికి వస్తదా?"

"కొత్తదే గదప్పా. ఎందుకు?"

"ఏం లేదు సార్. సోమవారం ఏడున్నరకు మొదలు గదా, అందుకని."

సంతకం పెట్టబోతున్న పెన్ను ఆగింది. ఆయన పెదాలు కదిలాయి. ఆయన ఎక్కాలు చదివింది కూడా నేను చదివిన చోటే.

"ప్రతి సోమవారం సార్. ఇగ నుంచి" అని జోడించాను, సేవాభావంతో.

"మంగళవారం మొదలుపెడితే?" అని తనే అని, తనే తల అడ్డంగా ఊపుకున్నాడు. మంగళవారం కొత్త పనా! కాసేపటికి చిన్న గొంతుతో అడిగాడు. "మరి తొమ్మిదికైతే?"

"తొమ్మిదికి అయిపోతది సార్. ఇన్ని రోజులు రాహుకాలం అట్ల పోంగనే మనం ఇట్ల బెల్లు కొడుతున్నం."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "పెద్దోళ్ళు పెట్టిన టైమప్పా అది! ఊరికెనే పెడతారా?" అన్నాడు. ఆ టైము పెట్టింది ఆయనే. స్కూలు పెట్టిన రోజు, పక్కనున్న సర్కారు బడి చూసి. నేను ఆ చరిత్ర జోలికి పోలేదు.

అంతా అయిపోయిందనుకున్నాను. ఆయన ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు. "మరి శనివారమో? శనివారం తొమ్మిదికి..." అని ఆగిపోయాడు. ఎండిపోయిన బోరు, కదలని నిజాంపేట ప్లాట్లు, రెండు సార్లు కాలిపోయిన మోటారు అన్నీ ఆయన కళ్ళ ముందు వరసగా కదులుతున్నట్టు కనబడింది. "అదీ సంగతి!" అన్నాడు, ఎన్నాళ్ళ రోగానికో పేరు తెలిసిన మనిషిలా.

పావుగంటలో తీర్పు మారింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పాత తొమ్మిదే. శనివారం ఒంటిపూట బడి, ఏడున్నరకు బెల్లు. ప్రజాస్వామ్యానికి కూడా వాటా దక్కినట్టయింది.

బయటికి వచ్చాక మేడం నాతో అంది, ఈసారి మామూలు గొంతుతో: "రాత్రి మోకాళ్ళ మీద ప్రార్థన చేశానండి, ఆ బిడ్డ కోసం."

"దేవుడు విన్నాడు మేడం. కాకుంటే రాహువును పంపిండు."

"ఎవర్ని పంపుతాడన్నది మనకెందుకండీ" అంది. వరండాలోకి పోయి, నిద్రపోతున్న నర్సమ్మ చేతిలోంచి ఆ అర్జీ తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, కుదురు లేకుండా ఊగుతున్న మా ఫ్యాను కాలి కింద పెట్టింది. ఆ తరవాత ఏళ్ళ తరబడి ఫ్యాను ఊగలేదు.

నర్సమ్మ లేచాక సంగతి చెబితే నమ్మలేదు. "రాత్రి ఓడిపోయామన్నారు కదండీ, ఎలా మారింది?" అంది. పైనుంచి ఆర్డరు వచ్చిందమ్మా అన్నాను. వారం సెలవును శుక్రవారం రాత్రికి మార్పించుకుంది. శనివారం పొద్దున ఏడుకల్లా పాపకు తనే జడ వేసేది. ఆ పాప పదో తరగతి మా దగ్గరే పూర్తి చేసింది. టీసీ నేనే రాశాను, సంతోషంగా. అదీ ఒక సోమవారం, సరిగ్గా తొమ్మిది దాటాక.

తరవాతి మీటింగ్ నుంచి మేడం ఒక పద్ధతి పెట్టింది. రాలేనివాళ్ళు ఎవరిని పంపుతున్నారో డైరీలో ఒక ముక్క రాస్తే, ఆ చెయ్యి కూడా లెక్కే. ఆటో అన్న వెనుక కుర్చీ నుంచి ముందు వరసకు వచ్చాడు, పక్కింటాయన పక్కకు. వాళ్ళిద్దరికీ కుదరని రోజు నేను మీటింగే పెట్టేవాణ్ణి కాదు.

మీరు గ్రూపులో టైం పెట్టి బొటనవేళ్ళు లెక్కపెట్టే ముందు, ఆ వేళప్పుడు ఫోన్ ముట్టుకోవడానికి వీల్లేని చోట ఎవరున్నారో ఒక్కసారి అనుకోండి. అంతకంటే పెద్ద నీతి నా దగ్గర లేదు. పదవీ విరమణ రోజు కూడా ఇదే చెప్పబోయాను. భోజనాలు చల్లారుతున్నాయని ఆపారు.

ఆ శనివారం సాయంత్రం మాత్రం నేను గాల్లో తేలాను. ఆటో అన్న పిల్లల్ని ఎక్కిస్తుంటే పరుగెత్తుకుంటూ పోయి చెప్పాను. పదకొండు చేతులూ గెలిచాయని, ఆయన చెయ్యి కూడా వృథా పోలేదని, వారానికి ఒక్క రోజైనా ఏడున్నరకు దించి ఎనిమిదికల్లా హైటెక్ సవారీ పట్టుకోవచ్చని.

ఆయన ఆఖరి పిల్లను లోపలికి సర్ది, గొలుసు తగిలించి, నా వంక చూశాడు.

"శనివారం గా ఆఫీసులకు సెలవు సార్."